ఆర్కిటిక్ సర్కిల్ ట్రెయిల్, ఇలులిస్సాట్ మంచు ఫియోర్డ్: హైదరాబాద్ నుంచి వెళ్లొచ్చిన నా అనుభవం

2025 ఆగస్టు ఆఖరు నుంచి సెప్టెంబరు మూడో వారం దాకా ఇద్దరం పశ్చిమ గ్రీన్‌లాండ్‌లో ఉన్నాం. కాంగెర్లుస్సువాక్ నుంచి సిసిమియుట్ దాకా సుమారు 165 కిలోమీటర్ల ఆర్కిటిక్ సర్కిల్ ట్రెయిల్ దారిలో తొలి రోడ్డు భాగం తప్ప మిగతాదంతా నడిచి, అక్కణ్ణుంచి ఓడలో ఇలులిస్సాట్ చేరి మంచుకొండలు తేలే ఫియోర్డ్ (కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) వెంట తిరిగాం. ఈ దారి గురించి తెలుగులో వెతికితే నాకు పనికొచ్చేది ఏమీ దొరకలేదు, అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అందరూ మొదట అడిగేది చలి గురించే. చలికి బట్టలు కొనుక్కుంటే సరిపోతుంది. అక్కడ మనిషిని దెబ్బతీసేది తడి. రాత్రి మైనస్ 5 ఉన్నా పొడి బట్టల్లో నిద్ర పడుతుంది. ప్లస్ 3 డిగ్రీల్లో తడిసి, గాలి కొడితే మాత్రం గంటలోపే చేతులు జిప్పు కూడా లాగలేవు. సామాను సర్దినా, గుడారం వేసినా, ఏరు దాటినా మేం చూసుకున్నది ఆ ఒక్క సంగతే.

వీసా

గ్రీన్‌లాండ్ డెన్మార్క్ రాజ్యంలో భాగమే గానీ షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో, లేదు. మామూలు షెంగెన్ వీసాతో అక్కడికి వెళ్లనివ్వరు. డెన్మార్క్ వీసాకే దరఖాస్తు పెట్టి, అందులో గ్రీన్‌లాండ్ వెళ్తున్నామని స్పష్టంగా రాయాలి. అప్పుడు స్టిక్కర్ మీద గ్రీన్‌లాండ్‌కు కూడా చెల్లుతుందని రాసి ఇస్తారు. రెండో సంగతి, కోపెన్‌హాగెన్ నుంచి గ్రీన్‌లాండ్ వెళ్తే షెంగెన్ దాటి బయటికి పోయినట్టే లెక్క. తిరిగి వచ్చేటప్పుడు అది కొత్త ప్రవేశం. అందుకని ఒక్క ఎంట్రీ వీసా చాలదు, మల్టిపుల్ అడగాలి.

మే 12న కాగితాలు ఇచ్చాం, జూన్ 9న పాస్‌పోర్టులు చేతికొచ్చాయి. నాలుగు వారాలు. నిబంధన ప్రకారం పదిహేను రోజులే, అవసరమైతే 45 దాకా పెంచుకోవచ్చు. ఫీజు 90 యూరోలు, పైన సర్వీసు చార్జీ. కాగితాలతో పాటు రోజువారీ నడక ప్రణాళిక, సిసిమియుట్, ఇలులిస్సాట్ బసల బుకింగులు, లోపలి విమానాల వివరాలు పెట్టాం. దారిలోని హట్లకు, అంటే రాత్రి తలదాచుకునే చిన్న చెక్క గదులకు, బుకింగ్ అంటూ ఉండదు. ఆ రాత్రులకు "గుడారం, కాపలా మనిషి లేని ఉచిత హట్లు" అని ఒక పేజీలో విడిగా రాశాం. అది రాయకపోతే తేదీల్లో పెద్ద ఖాళీ కనబడుతుంది. బీమా షెంగెన్‌కు కావలసిన 30,000 యూరోలతో సరిపెట్టుకోకండి. పాలసీలో గ్రీన్‌లాండ్ పేరు ఉందా, హెలికాప్టర్ తరలింపు ఉందా అని చదివి చూసుకోవాలి. పాస్‌పోర్టు చేతికి రాగానే స్టిక్కర్ మీద ఆ మాట ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి, ఇంటికొచ్చాక కాదు.

శాటిలైట్ పరికరం

కాంగెర్లుస్సువాక్ దాటాక సిసిమియుట్ దగ్గరపడేదాకా ఫోన్ సిగ్నల్ లేదు. కాలు మడత పడినా కబురు పంపే దారి శాటిలైట్ మెసెంజర్ ఒక్కటే. అయితే మన దేశంలో అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్లు, ఇలాంటి మెసెంజర్లు దగ్గర పెట్టుకోవడం నేరం. విమానాశ్రయాల్లో వీటితో పట్టుబడి కేసుల్లో ఇరుక్కున్నవాళ్లున్నారు. ఇక్కణ్ణుంచి పట్టుకెళ్లొద్దు, అక్కడ కొని ఇంటికీ తెచ్చుకోవద్దు. మేం కోపెన్‌హాగెన్‌లో అద్దెకు తీసుకుని, తిరుగు ప్రయాణంలో అక్కడే అప్పజెప్పాం. రోజూ సాయంత్రం గుడారం వేశాక ఒకే మాట పంపాలని ఇంట్లో ముందే చెప్పుకున్నాం. ఒక రాత్రి కబురు రాకపోతే కంగారు పడొద్దని, రెండో రాత్రి కూడా రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసిచ్చాం.

సామాను, తిండి

నడక మొదలుపెట్టేటప్పటికి బరువు ఒక్కొక్కరికి 19 కిలోలు. అందులో తిండే దాదాపు 8. పది రోజులకు, పైన రెండు రోజుల నిల్వకు, రోజుకు 650 గ్రాముల లెక్క. ఆ బరువులో 3,000 కేలరీలు రావాలంటే నూనె, గింజలు ఎక్కువ ఉండాలి. వేయించిన రవ్వలో పోపు కలిపిన ఉప్మా మిశ్రమం, పల్చటి అటుకులు, పులిహోర గుజ్జు, కందిపొడి, పల్లీ చిక్కీ, నువ్వుండలు పట్టుకెళ్లాం. అటుకులు చాలా పనికొచ్చాయి. వేడినీళ్లు పోసి మూత పెడితే రెండు నిమిషాల్లో తినొచ్చు, గ్యాసు మిగులుతుంది. బియ్యం, పప్పు ఆ దారికి పనికిరావు, ఉడికేలోపు సిలిండర్ ఖాళీ. నెయ్యి, పాలపొడి, మాంసం పచ్చళ్లు సంచిలో పెట్టుకోవద్దు, యూరోపియన్ యూనియన్‌లోకి పాల, మాంసం పదార్థాలు తేనివ్వరు. వెన్న కోపెన్‌హాగెన్‌లో కొన్నాం. ఆ చలికి అది కరగదు, ఉప్మాలో ముక్కలుగా కోసి వేసుకోవడమే.

స్లీపింగ్ బ్యాగ్ చీటీ మీద రెండు ఉష్ణోగ్రతలుంటాయి, కంఫర్ట్ (హాయిగా నిద్రపట్టేది), లిమిట్ (ఎలాగో ఓర్చుకునేది) అని. చూడాల్సింది మొదటిది. మాది కంఫర్ట్ మైనస్ 7. దానికన్నా కింద పరిచే మ్యాట్ ముఖ్యం. నేల చల్లదనం కిందినుంచే లాగేస్తుంది, ఒంటి బరువు పడి నలిగిన బ్యాగులోని ఈకలు దాన్ని ఆపలేవు. ఆర్ విలువ (చల్లదనాన్ని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) 4.5 పైన ఉన్న మ్యాట్ తీసుకోండి. బట్టలు రెండు జతలు: నడకది, నిద్రది. నిద్ర జత పూర్తిగా ఊలు, గట్టి ప్లాస్టిక్ సంచిలో కట్టి స్లీపింగ్ బ్యాగుతో పాటే ఉంచాం. పగలు ఎంత తడిసినా దాన్ని ముట్టుకోలేదు. పొద్దున్నే తడిసిన సాక్సులు మళ్లీ తొడుక్కోవడం ప్రాణం మీదికొచ్చినట్టుంటుంది, కానీ పది నిమిషాలు నడిస్తే ఒంటి వేడికి సర్దుకుంటాయి. పొడివి తొడిగితే అరగంటలో అవీ తడుస్తాయి, ఇక రాత్రికి ఏమీ మిగలదు.

కోపెన్‌హాగెన్ నుంచి కాంగెర్లుస్సువాక్

2024 నవంబరులో రాజధాని నూక్‌లో కొత్త రన్‌వే తెరిచాక కోపెన్‌హాగెన్ నుంచి వచ్చే పెద్ద విమానాలు అక్కడే దిగుతున్నాయి. పాత వివరాల్లో కాంగెర్లుస్సువాక్‌కు నేరుగా వెళ్లినట్టు ఉంటుంది, ఇప్పుడు నూక్‌లో చిన్న విమానం మారాలి. మేం ఆగస్టు 28న నూక్‌లో దిగి, 29న కాంగెర్లుస్సువాక్ చేరాం. మధ్యలో ఒక రాత్రి కావాలనే పెట్టుకున్నాం. పొగమంచుకు చిన్న విమానాలు ఆగడం అక్కడ మామూలు.

గ్యాసు సిలిండర్లు విమానంలో ఎక్కనివ్వరు. కాంగెర్లుస్సువాక్ సూపర్‌మార్కెట్‌లోనే కొనాలి, మర మూత రకం ఉందో లేదో చేరాకే తెలుస్తుంది. ఇద్దరికి కలిపి 450 గ్రాములది ఒకటి, 230ది ఒకటి తీసుకున్నాం. రోజుకు మూడు లీటర్ల నీళ్లు కాచితే 50 గ్రాముల దాకా ఖర్చయింది. చలిలో సిలిండర్ ఎందుకు మొరాయిస్తుందంటే, బ్యూటేన్ మైనస్ అర డిగ్రీ దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ఐసోబ్యూటేన్ మైనస్ 11 దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా ఆవిరవుతాయి. డబ్బా మీద ఈ చివరి రెండూ ఉన్నాయో లేదో చదివి కొనండి. రాత్రి సిలిండర్‌ను స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకుంటే పొద్దున్న మంట బాగా వస్తుంది. నీళ్ల ఫిల్టర్ కూడా అక్కడే. సన్నని గొట్టాల ఫిల్టర్ ఒకసారి గడ్డకడితే లోపల పగులుతుంది, పైకి ఏమీ కనబడదు, ఆ తర్వాత అది వడకట్టదు.

మ్యాపులు 1:1,00,000 కొలతలో మూడు: కాంగెర్లుస్సువాక్, పింగు, సిసిమియుట్. ఫోన్‌లో ఆఫ్‌లైన్ మ్యాపు ఉన్నా కాగితం తప్పనిసరి, చలికి ఫోన్ 40 శాతం దగ్గరే హఠాత్తుగా ఆరిపోతుంది. అక్కడ దిక్సూచి ముల్లు అసలు ఉత్తరానికి ఇరవై డిగ్రీలకు పైగా పడమరకు చూపిస్తుంది. మ్యాపు అంచున ఆ తేడా రాసి ఉంటుంది, నడక ముందే సరిచేసి పెట్టుకోవాలి.

నడక

ఆగస్టు 30. ఊరి నుంచి కెల్లీవిల్ దాకా పదిహేను కిలోమీటర్లు దుమ్ము రోడ్డు. బండి మాట్లాడుకున్నాం, ఇది నడిచి సాధించేదేమీ లేదు. అక్కణ్ణుంచి కాలిబాట. రాళ్లు పేర్చిన గుట్టల మీద ఎర్ర రంగు అర్ధచంద్రం గుర్తు, దాన్ని పట్టుకుని పడమరకు. మొదటి రోజు చెరువుల్లో కొన్ని ఉప్పు నీళ్లవి. నోట్లో వేసుకుని చూశాకే సీసా నింపుకోండి. తర్వాత సిసిమియుట్ దాకా నీటికి కొదవ లేదు.

ఆగస్టు ఆఖరుకి దోమలు పోతాయి, జూలైలో వెళ్తే తలకు వల లేకుండా నిలవలేరు. నేలంతా మరగుజ్జు బిర్చ్ ఎర్రగా మారి ఉంటుంది, బ్లూబెర్రీలు, క్రోబెర్రీలు నడుస్తూనే కోసుకోవచ్చు. రోజుకు ఆరేడు నిమిషాలు పగలు తరిగిపోతుంది, నడక ముగిసేటప్పటికి గంటకు పైగా తేడా. దారి పొడవునా కస్తూరి ఎద్దులు కనబడ్డాయి. 1960లలో ఈశాన్య గ్రీన్‌లాండ్ నుంచి 27 దూడలను తెచ్చి ఇక్కడ వదిలితే ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. దూరంగా చుట్టు తిరిగి పోవాలి. తల దించి ముక్కును ముంగాలికి రుద్దుతోందంటే అప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్లారని అర్థం. నక్కలు మచ్చికైనట్టు దగ్గరికొస్తే ఇంకా దూరం జరగండి, వాటిలో రేబిస్ ఉంది.

31న కటిఫిక్ హట్. చిన్న చెక్క గది, బల్లలు, గోడకు రాసుకునే పుస్తకం, అంతే. ముందు వచ్చినవాళ్లకు చోటు, మిగతావాళ్లు బయట గుడారం. హట్ల మీద నమ్మకం పెట్టుకుని గుడారం లేకుండా వచ్చినవాళ్లు ఆ రాత్రి నేల మీద నడిచే దారి కూడా లేకుండా పడుకున్నారు. అక్కణ్ణుంచి అమిత్సోర్సువాక్ చెరువు వెంట ఇరవై కిలోమీటర్లు. ఒడ్డున ఎవరైనా వదిలిన కెనో (తెడ్డుతో నడిపే చిన్న పడవ) దొరికితే వాడుకోవచ్చంటారు. మాకు దొరకలేదు, దక్షిణపు ఒడ్డు వెంట నడిచాం. రాళ్ల మీద అడుగు చూసుకుంటూ నడవడమే, ఎక్కుడు లేదు. సెప్టెంబరు 1 రాత్రి కెనో సెంటర్ హట్ దగ్గర మొదటిసారి గుడారం లోపలి గుడ్డ మీద మా ఊపిరి తేమే మంచు పొడిలా గడ్డకట్టింది. పొద్దున్న లేవగానే గుడ్డ తట్టకూడదు, అదంతా స్లీపింగ్ బ్యాగు మీద రాలి కరుగుతుంది. రాత్రే రెండు వైపులా గాలి కిటికీలు తెరిచి ఉంచాలి. చలి ఎక్కువవుతుందని మూస్తే తెల్లవారేసరికి లోపల వాన. బూట్ల తాళ్లు పూర్తిగా వదులు చేసి, సంచిలో చుట్టి గుడారం లోపల పెట్టుకోవాలి. బిగుతుగా వదిలేస్తే పొద్దున్నకి కొయ్యలా బిగుసుకుపోయి కాలు దూరదు.

ఇటిన్నెక్ ఏరు

ఈ దారిలో ఆలోచించి అడుగు వేయాల్సిన చోటు ఇదొక్కటే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. సెప్టెంబరు 3న ఇక్కట్టోక్ హట్ నుంచి దిగితే వెడల్పాటి చిత్తడి లోయ, నడుమ ఇటిన్నెక్ ఏరు. కొన్ని కిలోమీటర్లు ఎగువన వంతెన ఉంది. దానికి వెళ్లాలంటే బురదలో మోకాలెత్తు గడ్డి దిబ్బల మధ్య చుట్టు దారి. వానలు లేకపోతే చాలామంది నేరుగా దాటతారు. వాన పడి ఉంటే నడుము దాకా వస్తుంది, అప్పుడు వంతెనే దారి, ఇందులో పౌరుషం పనికిరాదు.

మేం వెళ్లేముందు రెండు రోజులు వాన లేదు. ఒడ్డున ఒక రాయి గుర్తు పెట్టుకుని అరగంట కూర్చుని చూశాం, నీరు పెరగడం లేదు. నీళ్లు వెడల్పుగా పరుచుకుని పైన అలలు చిట్లుతున్న చోటు లోతు తక్కువ. ఇరుగ్గా, నున్నగా, నిశ్శబ్దంగా పారే చోటు చూడ్డానికి తేలిగ్గా ఉంటుంది గానీ అదే లోతు. ప్యాంటు, సాక్సులు విప్పి పొడి సంచిలో వేశాం. కాళ్లకు చెప్పులు, వట్టి కాళ్లతో దిగొద్దు, రాళ్లు జారుడు. బ్యాగు నడుము బెల్టు, ఛాతీ పట్టీ రెండూ విప్పేయాలి. పడితే బ్యాగు వదిలించుకోలేకపోవడమే ప్రమాదం. ముఖం ప్రవాహానికి ఎదురుగా, రెండు కర్రలూ ముందు గుచ్చి, ఒకసారి ఒక్కటే కదపాలి, కర్రయినా కాలైనా. పక్కకు చిన్న చిన్న అడుగులు. నీరు మోకాలి పైదాకా వచ్చింది. పది అడుగులు వేసేసరికి పాదాల్లో నొప్పి మొదలై, మధ్యకు చేరేసరికి నొప్పి కూడా పోయి పాదాలున్నట్టే తెలియలేదు. కాలు రాయి మీద పడిందో లేదో కర్ర చెప్పాల్సిందే. ఇద్దరం ఒకేసారి దిగలేదు. ఒకరు దాటేదాకా రెండోవారు కాస్త దిగువన ఒడ్డునే నిలబడ్డారు.

అవతల ఒడ్డున చేయాల్సింది వరుసగా ముందే అనుకోండి, అప్పుడు బుర్ర మెల్లగా పనిచేస్తుంది. తువ్వాలుతో కాళ్లు గట్టిగా రుద్ది తుడవడం, సాక్సులు, ప్యాంటు, ఒక చిక్కీ, వెంటనే నడక. కూర్చుని టీ కాచుకుందామనిపిస్తుంది, వద్దు. ఇరవై నిమిషాలు నడిస్తే పాదాల్లోకి రక్తం మంట పుట్టిస్తూ తిరిగొస్తుంది. ఆ మంట తెలిసినప్పుడు నాకు కలిగిన ధైర్యం మాటల్లో చెప్పలేను.

తీరం వైపు

కాంగెర్లుస్సువాక్ చుట్టూ పొడి వాతావరణం, సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ తడి. ఎకలుగార్నియార్ఫిక్ హట్ దాటాక ఆ తేడా ఒంటికి తెలుస్తుంది. 4వ తేదీ ఇన్నాయువాట్టోక్ హట్ చేరేసరికి వాన మంచుతో కలిసి పడుతోంది. 5న పొద్దున్న ఎదుటి గుట్ట కనబడలేదు, గాలి అడ్డంగా కొడుతోంది. హట్‌లోనే ఉండిపోయాం. మంచు పొడిగా పడితే దులుపుకోవచ్చు. సున్నాకు అటూ ఇటూగా ఉన్నప్పుడు పడే ఈ తడి మంచు మాత్రం జాకెట్ కుట్లలోంచి కూడా లోపలికి దిగుతుంది. ఆ రోజు బయల్దేరినవాళ్లలో కొందరు రెండు గంటల్లో వెనక్కి వచ్చారు. రెండు రోజుల అదనపు తిండి ఇందుకే. తిండి అయిపోతుందన్న భయం ఉంటే ఇలాంటి రోజు కూడా నడక తప్పదు.

పొగమంచులో గుర్తులు కనబడకపోతే మేం చేసింది ఇదీ: ఒకరు రాళ్ల గుట్ట దగ్గరే నిలబడడం, రెండోవారు మాట వినిపించేంత దూరం పోయి తర్వాతి గుట్టను వెతకడం, దొరికాకే మొదటివారు కదలడం. గంటకు కిలోమీటరున్నర సాగింది. ఈ మధ్య మునిసిపాలిటీ వేసిన ఏటీవీ (రాళ్లలో, బురదలో నడిచే నాలుగు చక్రాల చిన్న బండి) దారి కొన్నిచోట్ల కాలిబాటను కలుస్తుంది, వెడల్పుగా ఉందని దానివెంట పోతే గుర్తులు తప్పుతాయి.

నెరుమాక్ లోయలో నడుమెత్తు పొదలు. వాన ఆగినా ఆకుల నీళ్లతో నడుము కిందంతా తడుస్తుంది, వాన ప్యాంటు తీయొద్దు. 7న సాయంత్రం కాంగెర్లువార్సుక్ టుల్లెక్ ఫియోర్డ్ కనబడింది. ఎనిమిది రోజులు చెరువులు చూసిన కళ్లకు నల్లటి ఉప్పునీరు, రెండు వైపులా నిటారు కొండలు, వాటి మీద అప్పుడే పడిన మంచు. ఈ దారిలో నా మనసు పట్టేసిన చోటు అదే. మంటలు వేయొద్దు. 2019 వేసవిలో ఈ సిసిమియుట్ వైపు నేల అంటుకుంది. పైకి ఆరినట్టు కనబడినా కింద పీట్ (సగం కుళ్లిన మొక్కల) పొర కాలుతూనే ఉంటుంది.

8న కనుమ ఎక్కి, స్కీ లిఫ్టు పక్కగా దిగి సిసిమియుట్ చేరాం. ఊరి అంచున గొలుసులకు కట్టిన స్లెడ్జి కుక్కలుంటాయి. పెంపుడు కుక్కలనుకుని దగ్గరికి పోవద్దు, పిల్లలను అసలు పోనివ్వొద్దు. గొలుసు ఎంతవరకు అందుతుందో చూసుకుని అవతలగా నడవండి.

ఓడ కోసం ఎదురుచూపు

తీరం వెంట తిరిగే ఓడ వారానికి ఒకటే. మాది 12న. నాలుగు రోజులు ఆగాం. గదిలో గుడారం, బూట్లు, బ్యాగు ఆరడానికే ఒకటిన్నర రోజు పట్టింది. మిగిలిన గ్యాసు హాస్టల్‌లో తర్వాతివాళ్లకు ఇచ్చేశాం. ఒకరోజు ఊరి వెనకున్న 784 మీటర్ల నసాసాక్ ఎక్కాం, పైభాగంలో తాళ్లు కట్టి ఉన్నాయి, రాతి మీద మంచు పెంకు కట్టడంతో అక్కడే ఆగి దిగిపోయాం. ఓడలో పడుకునే బల్లలు తక్కువ, టికెట్ వేసవికి ముందే కొనాలి. ఆసియాట్ ఊరు దాటాక డిస్కో అఖాతంలో మొదటి మంచుకొండ కనబడగానే అందరూ డెక్ మీదికి వచ్చారు. గాలి ఎంత చల్లగా మారిందంటే, నడకలో ఎన్నడూ ఒకేసారి వేసుకోని బట్టలన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకోవాల్సి వచ్చింది. నడిచేవాడికి, నిలబడి చూసేవాడికి చలి ఒకటి కాదు.

ఇలులిస్సాట్

13న చేరాం. సెర్మెక్ కుయాల్లెక్ హిమానీనదం రోజుకు పదుల మీటర్లు ముందుకు జరుగుతూ ఫియోర్డ్‌లోకి విరిగిపడుతుంది. ఏడాదికి 35 ఘన కిలోమీటర్లకు పైగా మంచు అని యునెస్కో లెక్క. 2004 నుంచి ఇది ప్రపంచ వారసత్వ ప్రదేశం. ఫియోర్డ్ నోటి దగ్గర నీటి అడుగున ఒక గట్టు ఉంది, అక్కడ లోతు రెండొందల మీటర్ల పైచిలుకే, లోపల అంతకంటే చాలా ఎక్కువ. పెద్ద మంచుకొండలు ఆ గట్టుకు తట్టుకుని నెలల తరబడి ఆగిపోతాయి, వెనకవి వచ్చి నెడుతుంటాయి, కరిగో విరిగో తేలికైనప్పుడే బయటపడతాయి. ఒడ్డున నిలబడితే సముద్రం కాక తెల్లటి పర్వత శ్రేణి కనబడడానికి కారణం ఇదే.

2021లో తెరిచిన ఐస్‌ఫియోర్డ్ సెంటర్ దగ్గర నుంచి చెక్కబాట మీద సెర్మెర్మియుట్ పాత నివాస స్థలానికి వెళ్లొచ్చు. ఆ చెక్క మీద సెప్టెంబరు పొద్దున్నే కంటికి కనబడని మంచు పొర ఉంటుంది. బూట్లకు తొడిగే చిన్న ముళ్ల పట్టీలు పట్టుకెళ్లండి, 165 కిలోమీటర్లలో అక్కర్లేనివి ఇక్కడ కావాల్సొచ్చాయి. కింద తీరానికి దిగొద్దని పెద్ద బోర్డులున్నాయి. మంచుకొండ విరిగినా, తిరగబడినా ఉన్నట్టుండి సునామీ లాంటి అల వస్తుంది. మేం గట్టు మీద ఉండగానే ఒక కొండ ముక్క జారింది. ముందు చప్పుడు, తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఇక అయిపోయిందనుకున్నాక నీరు ఒడ్డు నుంచి వెనక్కి పోయి, ఒక్కసారిగా రాళ్ల మీదికి ఎక్కింది. ఆ నడుమ నిశ్శబ్దాన్ని నమ్మి ఫొటో కోసం దిగేవాళ్లున్నారు, దయచేసి దిగొద్దు.

నీలి గుర్తుల దారి సుమారు ఏడు కిలోమీటర్లు. ఫియోర్డ్ గట్టు వెంట తూర్పుకు పోయి లోపలి లోయలోంచి ఊరికి వస్తుంది. ముందు గట్టు వైపు నడవండి, వెనక్కి వచ్చేటప్పటికి గాలి లేని లోయ దొరుకుతుంది. రాతి పలకల మీద కూర్చుని మాట్లాడకుండా ఉంటే మంచు చప్పుళ్లు విడివిడిగా తెలుస్తాయి: దూరంగా ఉరుములాంటిది పగులు, దగ్గర్లో గలగలమనేది పైనుంచి కారే నీరు. 14 సాయంత్రం పడవలో వెళ్లినప్పుడు మూడో చప్పుడు విన్నాం. ఇంజను ఆపగానే చుట్టూ తేలే చిన్న ముక్కల నుంచి, పోపులో ఆవాలు చిటపటలాడినట్టు. వేల ఏళ్ల కిందటి మంచులో నొక్కుకుపోయిన గాలి బుడగలు కరుగుతూ పేలే శబ్దమది. గీతల్లా కనబడే నీలం రంగు భాగాలు గాలి బుడగలు లేని మంచు, పగుళ్లలో నీరు చేరి మళ్లీ గడ్డకట్టినవి. పడవ రెండున్నర గంటలు. కూర్చునే ఉంటాం కాబట్టి ఒంటి మీద ఉన్న ప్రతి పొర అవసరమైంది, మెడ చుట్టూ, మణికట్ల దగ్గర గాలి దూరకుండా చూసుకోవాలి. కెమెరా బ్యాటరీలు రెండు లోపలి జేబులో పెట్టుకుని మార్చి మార్చి వాడాం.

ఖర్చు, చివరి ఆలస్యం

17న మా విమానం పొగమంచుకు ఆగింది, 18న నూక్ మీదుగా కోపెన్‌హాగెన్ వెళ్లాం. హైదరాబాద్ విమానం 20న పెట్టుకున్నాం కాబట్టి ఆ టికెట్ నిలిచింది. అక్కడ కనీసం రెండు రోజులు ఖాళీ ఉంచండి. రెండు ముక్కలుగా కొన్న టికెట్లయితే మొదటిది ఆలస్యమైనా రెండోదానికి ఎవరూ బాధ్యత తీసుకోరు.

ఒక్కొక్కరికి సుమారు 4 లక్షల 70 వేలు అయింది. విమానాలన్నీ కలిపి 2,35,000. కొత్తగా కొన్న సామాను 85,000, ఇందులో స్లీపింగ్ బ్యాగు, బూట్లు, వాన జాకెట్టే పెద్ద భాగం. బసలు 62,000, అదీ హాస్టల్ మంచాలే. కోపెన్‌హాగెన్‌లో, అక్కడి ఊళ్లలో తిండి 28,000. ఓడ 20,000, వీసా, బీమా 17,000, మంచుకొండల పడవ 12,000, శాటిలైట్ పరికరం అద్దె 11,000. హట్లకు, దారికి పైసా లేదు. తగ్గించుకోవాలంటే గుడారం అద్దెకో, స్నేహితుల దగ్గరో తీసుకోండి. బూట్లు మాత్రం నాలుగైదు నెలల ముందే కొని, తడిపి, బరువు మోస్తూ నడిచి చూడండి. వాన జాకెట్‌ను బయల్దేరే ముందు షవర్ కింద పావుగంట నిలబడి పరీక్షించండి. భుజాల కుట్ల దగ్గర చుక్క లోపలికి వస్తే అది ఇన్నాయువాట్టోక్ దాకా కూడా పనికిరాదు.